గోదావరి డెల్టాలో సీఆర్‌ఎం పెట్టుకునే వ్యాపారానికి సర్వర్ల ప్రణాళిక: లెక్కల కాగితం నుంచి తుపాను రోజు దాకా

భీమవరంలో గానీ అమలాపురంలో గానీ ఒక మేత డీలరు తన ఖాతాదారుల వివరాలు, లావాదేవీలు నమోదు చేసుకునే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నప్పుడు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ సర్వరు కొనమంటారు?" ఆ ప్రశ్నకు జవాబు ఈ మార్గదర్శిలో చాలా కిందికి వస్తుంది. సర్వరుకు శక్తి చాలక పని నిలిచిపోయిన సందర్భాలు ఈ ప్రాంతంలో నేను చూసినవి చాలా తక్కువ. కరెంటు పోయి, లైను తెగి, లేదా అవసరమైన రోజున బ్యాకప్ తెరుచుకోక నిలిచిపోయినవే ఎక్కువ. కాబట్టి ప్రణాళికను వ్యాపారం నుంచి మొదలుపెట్టి, యంత్రం దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

లెక్కలు గాలిలో ఉండకుండా ఒక ఊహాజనిత ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళదాం. రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే సంస్థ ఒకటి ఉందనుకోండి. ప్రధాన కార్యాలయం భీమవరంలో, శాఖలు పాలకొల్లు, ఆకివీడు, నరసాపురం, అమలాపురాల్లో ఉన్నాయి. మొత్తం 60 మంది సిబ్బందిలో 22 మంది చెరువుల గట్ల మీద తిరిగే టెక్నీషియన్లు. సంస్థ మేతను అరువు మీద ఇచ్చి, పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటుంది. మీది ధాన్యం మిల్లో, కొబ్బరి వ్యాపారమో, కడియం నర్సరీయో అయినా లెక్క వేసే పద్ధతి మారదు, అంకెలు మాత్రమే మారతాయి.

మొదటి అడుగు: ఆగితే ఏమవుతుంది, పోతే ఏమవుతుంది

ఒక తెల్లకాగితం తీసుకుని యజమాని గారి చేతనే రెండు ప్రశ్నలకు జవాబు రాయించండి. సీఆర్‌ఎం ఎంతసేపు ఆగిపోతే వ్యాపారం తట్టుకోగలదు? ఆగి మళ్లీ లేచినప్పుడు, చివరి ఎంతసేపటి నమోదులు కనబడకుండా పోతే తట్టుకోగలదు? మొదటి జవాబును సాంకేతికులు ఆర్‌టీఓ అనీ, రెండోదాన్ని ఆర్‌పీఓ అనీ పిలుస్తారు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలన్న సంగతి గుర్తుంటే చాలు.

"ఒక్క నిమిషం కూడా ఆగకూడదండీ" అన్నదే సాధారణంగా మొదట వచ్చే జవాబు. అప్పుడు కిందటిసారి పాలకొల్లు శాఖలో పూటంతా కరెంటు లేనప్పుడు ఏం చేశారని అడగాలి. చీటీల మీద రాసుకుని సాయంత్రం ఎక్కించామని చెబుతారు. అంటే నాలుగు గంటల అంతరాయాన్ని ఆ వ్యాపారం ఇప్పటికే తట్టుకుంటోంది. ఇక రెండో ప్రశ్నను ఇలా అడగాలి: పట్టుబడి అయిన రైతు నిన్న మధ్యాహ్నం వచ్చి బాకీ కట్టి వెళ్లాడు, ఆ నమోదు పోయింది, మూడు నెలల తర్వాత మీ కుర్రవాడు వెళ్లి అదే బాకీ మళ్లీ అడిగాడు, అప్పుడు ఏమవుతుంది? ఇక్కడ ఎవరూ ఆలోచించరు. అరువు మీద, మాట మీద నడిచే వ్యాపారంలో అటువంటి ఒక్క పొరపాటు ఒక ఊరి ఊరినే దూరం చేయగలదు.

అందుచేత మన ఉదాహరణకు జవాబులు ఇలా తేలాయి: నాలుగు గంటలు ఆగినా సరే, పదిహేను నిమిషాలకు మించిన నమోదులు మాత్రం పోకూడదు. ఇకపై పెట్టే ప్రతి రూపాయి ఖర్చునూ ఈ రెండు జవాబులే నిర్ణయించాలి. ఆగడాన్ని తట్టుకోగలిగి, పోవడాన్ని తట్టుకోలేని వ్యాపారం ఖరీదైన జంట సర్వర్ల మీద కాక నకళ్ల మీద డబ్బు పెట్టాలి.

సేవలు అమ్మేవారు చెప్పే శాతాలను కూడా ఇదే కాగితం మీద గంటల్లోకి మార్చి చూడండి. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాల అంతరాయం, 99.5 శాతం అంటే దాదాపు 44 గంటలు, 99 శాతం అంటే 87 గంటల పైచిలుకు. వినడానికి మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి గానీ వాటి మధ్య ఖర్చు తేడా చాలా ఉంటుంది.

రెండో అడుగు: మనుషుల లెక్క కన్నా ఫోటోల లెక్క ముఖ్యం

ఖాతాలు 60 ఉన్నంత మాత్రాన 60 మందీ ఒకే క్షణంలో పని చేయరు. శాఖల సిబ్బంది పగలంతా అప్పుడప్పుడూ తెరుస్తారు. టెక్నీషియన్లు ఉదయం మేత వేళ చెరువుల దగ్గర నమోదు చేసుకుని, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక పంపుతారు. ఏకకాలంలో పని చేసేవారిని సగం మంది, అంటే 30గా తీసుకుంటే ఈ వ్యాపారానికి సరిపోతుంది.

ఇప్పుడు నిల్వ సంగతి చూద్దాం. 22 మంది రోజుకు 12 చెరువుల చొప్పున చూస్తే 264 సందర్శనలు, ఏడాదికి 300 పనిదినాలకు 79,200. ఒక్కో సందర్శన వివరాలకు, దాని మార్పుల చరిత్రతో సహా, ఉదారంగా 10 కేబీ వేసుకున్నా ఏడాదికి ఒక జీబీ కూడా కాదు. పుస్తకాలకు పుస్తకాలు నింపే సమాచారం డేటాబేసులో ఇంత చిన్నది.

ఫోటోలు అలా కాదు. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెంలో) మిగిలిన మేత, నీటి రంగు, రొయ్య ఒంటి మీది మచ్చ, ఇలా సందర్శనకు మూడు ఫోటోలు తీస్తే రోజుకు 792. ఫోన్ కెమెరా తీసినది తీసినట్లు 3 ఎంబీ చొప్పున పంపితే రోజుకు 2.4 జీబీ, ఏడాదికి 700 జీబీ దాటుతుంది. అదే ఫోటోను ఫోనులోనే 250 కేబీకి కుదించి పంపితే ఏడాదికి 60 జీబీలోపే. మచ్చ కనబడటానికి ఆ కుదించిన ఫోటో చాలు. ఈ ఒక్క అమరికతో నిల్వ, బ్యాకప్ సమయం, టెక్నీషియన్ డేటా ప్యాకు అన్నీ పన్నెండో వంతుకు తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చేవారితో ఒప్పందం చేసుకునే ముందే, ఫోటోను ఫోనులోనే కుదించే వీలు ఉందో లేదో అడగండి.

మరో ప్రశ్న కూడా అప్పుడే అడగాలి. సిగ్నల్ లేనప్పుడు ఫోను యాప్ పని చేస్తుందా? లంక గ్రామాల్లోనూ, సముద్రం దాపు చెరువుల దగ్గరా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను చాలా రోజులు నిలిపివేశారు. ఆ రోజుల్లో సర్వరు ఎంత బాగున్నా ప్రయోజనం లేకపోయింది. నమోదును ఫోనులో దాచుకుని తర్వాత పంపగల యాప్ ఉంటే సర్వరు మీద సగం భారం తగ్గినట్లే. ఒకే చెరువు వివరాన్ని ఇద్దరు వేర్వేరు ఫోన్లలో మార్చితే ఏది నిలుస్తుందో కూడా చూపించమనండి. ఒకటి మౌనంగా చెరిగిపోతే ఆ యాప్ మనకు పనికిరాదు.

మూడో అడుగు: ఎక్కడ పెట్టాలి

మూడు దారులున్నాయి. నెలవారీ చందా కట్టి, సర్వరు బాధ్యతంతా వాళ్లకే వదిలిపెట్టడం ఒకటి. క్లౌడులో, అంటే వేరే సంస్థ డేటా కేంద్రంలో, వర్చువల్ సర్వరు అద్దెకు తీసుకుని, ఓడూ, సూట్‌సీఆర్‌ఎం, ఈఆర్‌పీనెక్స్ట్ వంటి సాఫ్ట్‌వేరును మనమే నడుపుకోవడం రెండోది. కార్యాలయంలోనే సొంత సర్వరు పెట్టుకోవడం మూడోది.

పదిహేను మంది లోపు ఉన్న వ్యాపారాలకు నేను మొదటి దారినే సూచిస్తాను. వాళ్లు ఈ మార్గదర్శిలో తెలుగు సమాచారం, భద్రత, తుపాను భాగాలు చదువుకుంటే చాలు. మన ఉదాహరణ వంటి సంస్థకు రెండో దారి సరైనది, దానికి తోడు కార్యాలయంలో ఒక నకలు ఉండాలి. సొంత సర్వరే ప్రధానంగా ఉండాలనే వారిలో చాలామంది "మన డేటా మన దగ్గరే ఉండాలి" అన్న కోరికతో అలా అంటారు. ఆ కోరిక న్యాయమైనదే, కానీ అది కార్యాలయంలోని నకలుతో తీరుతుంది.

సొంత సర్వరు ఖర్చును పెట్టె ధరతో పోల్చకూడదు. సర్వరు, స్విచ్చి, రౌటరు కలిపి 200 వాట్లు నిరంతరం వాడితే ఏడాదికి 1,752 యూనిట్ల కరెంటు అవుతుంది. దానికి ఏసీ ఖర్చు, రెండు మూడేళ్లకోసారి మార్చే బ్యాటరీలు, అర్ధరాత్రి ఏదైనా జరిగితే వచ్చి చూసే మనిషి జీతం కలపాలి. అయిదేళ్లకు లెక్క కట్టి, అదే అయిదేళ్ల అద్దెతో పోల్చండి.

క్లౌడు ఏ ఊళ్లో ఉండాలన్నది డెల్టాలో తప్పకుండా అడగవలసిన ప్రశ్న. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను, భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన 2022 జూలై వరద, ఇవన్నీ చెప్పేది ఒక్కటే: భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ ఒకే ఆపదలో ఒకేసారి చిక్కుకోగలవు. భీమవరం కార్యాలయపు నకలును అమలాపురం శాఖలో దాచడం అంటే ఒకే గట్టు మీద రెండు గాదెలు కట్టినట్లు. ముంబైలో 2016 నుంచీ, హైదరాబాదులో 2022 నవంబరు నుంచీ అమెజాన్ వెబ్ సర్వీసెస్ కేంద్రాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌కు పుణే, చెన్నై, ముంబైలలో ఉన్నాయి. ప్రధాన సర్వరు హైదరాబాదులో, దాని నకలు ముంబైలో, ఇంకొకటి భీమవరం కార్యాలయంలో ఉండేలా నేను అమరుస్తాను.

నాలుగో అడుగు: యంత్రం పరిమాణం

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఓడూను తీసుకుంటే, ఏకకాలంలో పని చేసే ఆరుగురికి ఒక వర్కర్ (వచ్చే పనులు అందుకుని చేసే ప్రోగ్రాము) చాలునని దాని అధికారిక పత్రాలే చెబుతాయి. మన 30 మందికి అయిదు వర్కర్లు, నేపథ్యంలో నడిచే పనులకు ఒకటి. వర్కర్ల గరిష్ఠ సంఖ్యకు ప్రాసెసర్ కోర్ల సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలపాలి కాబట్టి నాలుగు కోర్లకు తొమ్మిది దాకా వస్తాయి, ఆరు హాయిగా ఇముడుతాయి. అయిదింట ఒక వంతు బరువైన పనులకు వర్కర్‌కు ఒక జీబీ, మిగతా తేలిక పనులకు 150 ఎంబీ అన్న వారి లెక్క ప్రకారం ఆరు వర్కర్లకు రెండు జీబీలు చాలు. ఓడూ సమాచారాన్ని దాచే డేటాబేసు పోస్ట్‌గ్రెస్‌కు మొత్తం మెమరీలో నాలుగో వంతును కేటాయించి మొదలుపెట్టడం ఆనవాయితీ. నెలాఖరు నివేదికలకు కొంత వెసులుబాటు చేర్చితే 4 కోర్లు, 16 జీబీ మెమరీ, 200 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ఒక వర్చువల్ సర్వరు ఈ సంస్థకు ధారాళంగా సరిపోతుంది. ఫోటోలను మాత్రం సర్వరు డిస్కులో కాకుండా చవకైన ఆబ్జెక్ట్ స్టోరేజిలో (క్లౌడులో ఫైళ్లను దాచే ప్రత్యేక నిల్వలో) పెట్టండి.

అద్దె సర్వరును పావుగంట ఆపి పెద్దదానికి మార్చుకోవచ్చు కనుక ఒక్క ఏడాది అవసరానికే తీసుకోండి. సొంతదైతే అయిదేళ్ల పెరుగుదలకు కొనాలి, డిస్కులు రెండు పెట్టి రెయిడ్ 1లో అద్దం వలె కలపాలి. రెయిడ్ బ్యాకప్ కాదని కూడా అప్పుడే చెప్పుకోవాలి: పొరపాటున చెరిపేసిన ఖాతా రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది.

డేటాబేసును వేరే యంత్రంలో పెట్టాలా అని చాలామంది అడుగుతారు. 60 మందికి అక్కర్లేదు. దానికి బదులు, సగం పరిమాణం ఉన్న ఒక పరీక్షా సర్వరు తప్పక ఉండాలి. కొత్త మార్పు ఏదైనా ముందు అక్కడ నడిచి, తర్వాతే అసలు సర్వరుకు రావాలి. అందులో పెట్టే సమాచారంలో రైతుల ఫోన్ నంబర్లను మార్చేయండి. లేకపోతే పరీక్షగా పంపిన బాకీ సందేశం నిజంగానే ఎవరో ఒకరి ఫోనుకు వెళుతుంది.

అయిదో అడుగు: కరెంటు, లైను, గది

ప్రధాన సర్వరు హైదరాబాదులో ఉన్నా, శాఖల్లో రౌటరు వెలగకపోతే సిబ్బందికి అది లేనట్లే. శాఖలో రౌటరు, ఫైబర్ పెట్టె, ఒక కంప్యూటరు కలిపి 100 వాట్ల లోపే ఉంటాయి, మామూలు ఇన్వర్టరు చాలు. భీమవరం కార్యాలయంలో నకలు సర్వరుతో కలిపి 200 వాట్లు అనుకుందాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు కలిపితే కాగితం మీద 3,600 వాట్-అవర్లు. బ్యాటరీని సగానికి మించి దించకూడదనీ, ఇన్వర్టరులో పదిహేను శాతం పోతుందనీ లెక్క వేస్తే చేతికి వచ్చేది సుమారు 1,530. అంటే ఏడున్నర గంటలు. కొత్త బ్యాటరీ లెక్క ఇది. పాతబడే కొద్దీ తగ్గుతుంది కనుక ఏడాదికి రెండుసార్లు మెయిన్ ఆపి, గడియారం చూసుకుని కొలవండి. యూపీఎస్‌ను సర్వరుకు కేబులుతో కలిపి, బ్యాటరీ బాగా తగ్గినప్పుడు సర్వరు తనంతట తాను మూసుకునేలా అమర్చండి. రాస్తూ రాస్తూ కరెంటు పోయిన డేటాబేసును లేపడం కన్నా పద్ధతిగా మూసినదాన్ని లేపడం చాలా సులువు.

ఇంటర్నెట్ లైన్లు రెండు తీసుకోవాలని అందరూ చెబుతారు. అయితే మన ఊళ్లలో రెండు కంపెనీల ఫైబర్ కేబుళ్లు ఒకే కరెంటు స్తంభాల మీద పోవడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఒక కొబ్బరి చెట్టు విరిగి తీగల మీద పడితే రెండూ తెగుతాయి. సంతకం పెట్టే ముందు వీధిలోకి వెళ్లి, రెండో కేబులు ఏ దిక్కు నుంచి వస్తుందో తలెత్తి చూడండి. ఒకే దారి అయితే రెండోదానికి బదులు 4జీ లేదా 5జీ రౌటరు పెట్టుకోవడం మంచిది. మొబైల్ లైనుకు సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో చిరునామా) ఉండదు కనుక బయటి నుంచి దానిలోకి నేరుగా రాలేరు. కార్యాలయంలోని సర్వరే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రెండు చోట్ల మధ్య వేసే రహస్య దారి) ద్వారా హైదరాబాదు సర్వరుకు తానుగా కలిసేలా అమరిస్తే ఏ లైను మీదున్నా బంధం నిలుస్తుంది.

గది విషయంలో నాలుగు జాగ్రత్తలు చెబుతాను. నకలు సర్వరు మేడ మీద ఉండాలి, కింది అంతస్తులో బల్ల కింద కాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి స్విచ్చి పోర్టుల్లోని రాగి భాగాలకు పచ్చని చిలుము పడుతుంది, లైను ఎందుకు వస్తూ పోతూ ఉందో ఎవరికీ అర్థం కాదు. కేబులు ఊడదీసి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. తీర ప్రాంతపు శాఖల్లో పరికరాలను మూత ఉన్న పెట్టెలో పెట్టి, ఒకటి రెండు కేబుళ్లు అదనంగా ఉంచుకోండి. మేత గోడౌను పక్కనే కార్యాలయం ఉంటే ఎలుకలు ఉంటాయి. కేబుళ్లను ఇనుప గొట్టంలో వేయించండి. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలిచి చూపించేదాకా ఏ పరికరాన్నీ కలపవద్దు.

ఆరో అడుగు: తెలుగు సమాచారానికి చోటు

ఈ భాగాన్ని చాలా ప్రణాళికలు వదిలేస్తాయి, తర్వాత అందరూ బాధపడతారు. శాఖల గుమాస్తాలు రైతు పేరు తెలుగులో రాసుకోవాలనుకుంటే డేటాబేసు మొదటి రోజు నుంచే అందుకు సిద్ధంగా ఉండాలి. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ డేటాబేసుల్లో (సూట్‌సీఆర్‌ఎం, ఈఆర్‌పీనెక్స్ట్ వంటివి వాడేవి) పాత "యూటీఎఫ్8" అమరిక మూడు బైట్ల దాకే మోస్తుంది కనుక తెలుగు బాగానే కనబడుతుంది గానీ, టెక్నీషియన్ సందేశంలో ఒక ఎమోజీ పెట్టగానే నాలుగో బైటు దగ్గర నమోదు విఫలమవుతుంది. మొదటే "యూటీఎఫ్8ఎంబీ4" ఎంచుకుంటే ఆ బాధ ఉండదు.

గడుల పొడవు కూడా చూసుకోవాలి. "శ్రీనివాస్" అన్న పేరు మన కంటికి నాలుగక్షరాలు. కంప్యూటరుకు అవి పది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం ఒక్క "శ్రీ"కే నాలుగు. ఇంగ్లీషు పేర్ల లెక్కతో 20 అక్షరాలకు పరిమితం చేసిన గడిలో ఇంటిపేరుతో సహా తెలుగు పేరు పట్టదు. ఎస్సెమ్మెస్ ఖర్చు కూడా ఇలాగే పెరుగుతుంది: ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. రెండు వాక్యాల బాకీ సందేశం రెండు మూడు సందేశాలుగా లెక్కకు వస్తుంది. ఆ సందేశాల నమూనాలను వ్యాపార సందేశాల నమోదుకు ఉన్న టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందుగా నమోదు చేయించాలి, దానికి పట్టే సమయాన్ని కూడా ప్రణాళికలో చేర్చండి.

పాత పత్రాలు అను ఫాంట్లలో ఉంటే వాటిని నేరుగా అతికించవద్దు. అవి యూనికోడ్ కాకపోవడం వల్ల డేటాబేసులో అర్థంలేని గుర్తులుగా చేరతాయి. ముందు మార్చి, ఒక వంద పేర్లను మనిషి కంటితో సరిచూసి, అప్పుడు ఎక్కించాలి.

ఏడో అడుగు: బ్యాకప్

కొన్నేళ్ల కిందట ఒక వ్యాపార సంస్థ కోసం రోజూ రాత్రి రెండు గంటలకు డేటాబేసు నకలు తీసే అమరిక చేశాను. ఆరు నెలల తర్వాత ఒక శాఖలో పొరపాటున కొన్ని ఖాతాలు చెరిగిపోయాయని ఫోను వచ్చింది. ధీమాగా ఫోల్డరు తెరిచాను. ప్రతి రాత్రికీ ఒక ఫైలు ఉంది, పేర్లు సరిగ్గా ఉన్నాయి, తేదీలు సరిగ్గా ఉన్నాయి. పరిమాణం గడి వైపు చూస్తే, నాలుగు నెలలుగా ప్రతి ఫైలూ 20 బైట్లు. ఎవరో డేటాబేసు పాస్‌వర్డు మార్చారు. నకలు తీసే ఆదేశం ప్రతి రాత్రీ విఫలమైంది. దాని వెనక ఉన్న జీజిప్ మాత్రం ఏమీ లేని శూన్యాన్ని బుద్ధిగా కుదించి 20 బైట్ల ఫైలుగా దాచింది. తప్పు నాది. ఖాతాలను కాగితపు చీటీల నుంచి మళ్లీ ఎక్కించడానికి ఇద్దరు గుమాస్తాలకు తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ నేను వాళ్ల పక్కనే కూర్చున్నాను.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి డెల్టాకు బయట, అన్నది పునాది. నకలు స్క్రిప్టులో పైప్‌ఫెయిల్ అమరిక ఉండాలి, అప్పుడు గొలుసులో ఏ మెట్టు విఫలమైనా మొత్తం విఫలమైనట్లు తెలుస్తుంది. ఫైలు పరిమాణం నిన్నటి కన్నా పది శాతం తగ్గినా హెచ్చరిక రావాలి. హెచ్చరిక రాకపోవడాన్ని కూడా నమ్మకూడదు కనుక, విజయవంతమైన ప్రతి ఉదయం ఒక చిన్న సందేశం యజమాని ఫోనుకు వెళ్లాలి. అది రాని రోజున ఆయనే అడుగుతారు.

మన పదిహేను నిమిషాల పరిమితికి రోజుకోసారి తీసే నకలు చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి మార్పునూ రాసుకునే వాల్ ఫైళ్లను అయిదు నిమిషాలకోసారి ముంబై నిల్వకు పంపేలా అమర్చండి. అప్పుడు రాత్రి నకలును పరిచి, దాని మీద ఆ చిట్టాను నడిపించి, పొరపాటు జరగడానికి ముందు నిమిషం దాకా వెనక్కి వెళ్లవచ్చు. ముంబై ప్రతిని నిర్ణీత రోజుల పాటు ఎవరూ చెరపలేని విధంగా తాళం వేయించండి. సర్వరులోకి చొరబడి ఫైళ్లకు తాళాలు వేసేవారు మొదట వెతికేది బ్యాకప్‌నే.

నెలకోసారి పరీక్షా సర్వరు మీద నిజంగా పునరుద్ధరించి, గడియారంతో కొలవండి. ఫోటోలతో కలిపి 100 జీబీలను 20 ఎంబీపీఎస్ లైను మీద కార్యాలయానికి దింపడానికి 11 గంటలు పడుతుంది, నాలుగు గంటల మాట అక్కడే చెల్లదు. అదే క్లౌడులో ఒక చోటి నుంచి మరో చోటికైతే త్వరగా అయిపోతుంది. ముందు డేటాబేసును లేపి, ఫోటోలను తర్వాత నింపే క్రమాన్ని రాసి పెట్టుకోండి. పునరుద్ధరించిన తర్వాత తెలిసిన ముగ్గురు రైతుల బాకీలను కాగితపు రసీదుతో పోల్చి చూసేదాకా పరీక్ష పూర్తి కానట్లే.

ఎనిమిదో అడుగు: ఎవరు ఏం చూడవచ్చు

ఈ వ్యాపారంలో పెద్ద భయం బయటి దొంగ కన్నా, ఉద్యోగం మానేసి పోటీ కంపెనీలో చేరుతూ రైతుల జాబితా పట్టుకుపోయే మనిషి గురించి. టెక్నీషియన్‌కు తన చెరువులే కనబడాలి. మొత్తం జాబితాను ఎక్సెల్‌లోకి దింపే అనుమతి ఇద్దరికి మించి ఉండకూడదు, దింపిన ప్రతిసారీ నమోదు కావాలి. రాజీనామా ఇచ్చిన రోజే ఖాతా మూసే బాధ్యత జీతాలు చూసే వారికి అప్పగించండి. సాంకేతికుడికి ఆ వార్త వారం ఆలస్యంగా తెలుస్తుంది. సర్వరు నిర్వహణ ద్వారం ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉండకుండా వీపీఎన్ వెనక పెట్టి, నిర్వాహక ఖాతాలన్నిటికీ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి.

చట్టం వైపు నుంచి సర్వరు అమరికను తాకే విషయాలు కొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28 నాటి కేంద్ర ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబరు ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగులను (సర్వరులో ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న చిట్టాలను) 180 రోజులు దాచాలి, సర్వరు గడియారాలను నిర్దేశించిన, సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్లతో సరిపోల్చి ఉంచాలి. కాబట్టి లాగులకు వేరే నిల్వ చోటు లెక్కలో వేసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానాను పేర్కొంటోంది. రైతు పేరు, ఫోను, బాకీ అన్నీ వ్యక్తిగత డేటాయే. మీది కంపెనీగా నమోదై, లెక్కల పుస్తకాలు కూడా ఇందులోనే ఉంటే, వాటి బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలో ఉన్న సర్వరులో పడాలి. ఇవి మీ ఆడిటరు గారితో ఒకసారి కూర్చుని మాట్లాడవలసిన సంగతులు.

తొమ్మిదో అడుగు: మారే రోజు

పాత పుస్తకాలు, ఎక్సెల్ షీట్లు, ఫోన్లలోని నంబర్లు కలిపి చూస్తే ఒకే సుబ్బరాజు గారు అయిదు స్పెల్లింగుల్లో కనబడతారు, తండ్రీ కొడుకులకు ఒకే ఫోను నంబరు ఉంటుంది. పేరునో నంబరునో ఆధారం చేసుకుని కలపవద్దు. ప్రతి ఖాతాకూ కొత్త సంఖ్య ఇచ్చి, చెరువును రైతు నుంచి వేరే నమోదుగా ఉంచండి, ఎందుకంటే చెరువులు లీజుకు చేతులు మారుతుంటాయి. చెరువు చరిత్ర చెరువుతో, బాకీ మనిషితో ఉండాలి. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి కనుక గ్రామానికి ప్రభుత్వ స్థానిక సంస్థల జాబితాలోని ఎల్‌జీడీ కోడు వాడండి.

ముందు ఒక్క శాఖలో నెల రోజులు పుస్తకం, సీఆర్‌ఎం రెండూ నడపండి. అక్కడ లెక్క కలిశాకే రెండో శాఖ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, ధాన్యం వ్యాపారులకు అదే సార్వా కోతల కాలం కూడా. దాళ్వా కోతలు ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. ఈ మధ్య ఉన్న ఫిబ్రవరి, మార్చి లేదా జూలై, ఆగస్టు నెలల్లో మార్పు పెట్టుకోవడం మంచిది. సంక్రాంతి ముందు వారంలో మాత్రం వద్దు: సాయానికి ఫోను చేస్తే ఎత్తేవారు ఉండరు.

పదో అడుగు: తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

హెచ్చరిక వచ్చాక ఆలోచించే సమయం ఉండదు కనుక పని క్రమాన్ని ముందే రాసి, మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి అందరితో ఆచరణలో చేయించండి. తీరం దాటడానికి ఒక రోజు ముందు ముంబై నకలు తాజాగా ఉందో లేదో చూడాలి. టెక్నీషియన్లు ఫోన్లలో మిగిలిన నమోదులన్నీ పంపాలి. ఒక్కో శాఖ తన పరిధిలోని రైతుల పేర్లు, ఫోన్లు, బాకీలు ఒక జాబితాగా ముద్రించుకోవాలి, ఎందుకంటే మూడు రోజులు కరెంటు లేకపోయినా ఏరేటర్లు ఆగిపోయిన చెరువుల రైతులు సాయం కోసం ముందు మీ తలుపే తడతారు. తర్వాత కార్యాలయంలోని నకలు సర్వరును పద్ధతిగా మూసి, ప్లగ్గులు తీసి, ఫైబరు తీగను కూడా ఊడదీసి, పెట్టెను నేల నుంచి ఎత్తులో ఉంచాలి. ప్రధాన సర్వరు హైదరాబాదులో నడుస్తూనే ఉంటుంది. సిగ్నల్ దొరికిన ఎవరైనా ఏలూరు నుంచో విజయవాడ నుంచో పని కొనసాగించవచ్చు.

ఈ క్రమాన్నీ, ఇంటర్నెట్ కంపెనీల ఫోన్ నంబర్లనూ, క్లౌడు ఖాతాను తిరిగి పొందే సంకేతాలనూ ఒక కాగితం మీద ముద్రించి, సీలు వేసిన కవరులో పెట్టి, ఒకటి కార్యాలయపు బీరువాలోనూ, రెండోది హైదరాబాదులో ఉన్న యజమాని గారి కుటుంబ సభ్యుల ఇంట్లోనూ ఉంచండి. పాస్‌వర్డు మారిన ప్రతిసారీ రెండు కవర్లూ మార్చి, కవరు మీద తేదీ వేయండి.